అడంగల్లో పేరు లేని ఛాంపియన్

2025 జూలై 28 సాయంత్రం. మా హాస్టలు వరండాలో ఒకే ఒక్క ఫోను చుట్టూ పదిమందిమి మూగాం. క్రికెట్టు కోసం కాదండోయ్, చదరంగం కోసం! నల్లసముద్రం వొడ్డున జార్జియా దేశంలో బటూమి అనే వూళ్ళో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు మన గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి. రెండోవైపు నాగపూరు పిల్ల దివ్యా దేశ్‌ముఖ్, వయసు 19 ఏళ్ళు, ఆ పోటీలో ఆమెకిచ్చిన వరస సంఖ్య 15. తీరిగ్గా ఆడిన రెండు ఆటలూ సమానంగా ముగిశాయి. ఇక మిగిలింది రాపిడ్. అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకీ మరో 10 సెకన్లు కలుస్తాయి. రాపిడ్ అంటే హంపికి పుట్టిల్లు లాంటిది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ప్రపంచ రాపిడ్ కిరీటం గెలిచిన మనిషి. అంచేత మేమంతా ధీమాగా కూర్చున్నాం. మొదటి రాపిడ్ ఆట కూడా సమానమే. రెండో ఆటలో గడియారం పరుగెత్తింది, హంపి చేతిలోంచి ఆట జారిపోయింది. దివ్య గెలిచింది. కప్పుతో పాటు గ్రాండ్‌మాస్టర్ బిరుదు కూడా ఆ అమ్మాయికే దక్కింది.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత మావాళ్ళలో ఒకడు, రేటింగు తక్కువున్న పిల్ల గెలిచిందంటే ఆ అంకెలన్నీ దొంగలెక్కలేనని తీర్పు చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. హంపి ఓడిందన్న బాధ కొంత, ఆ అంకె సంగతేమిటో తేల్చుకోవాలన్న పంతం కొంత. అలా వెతుక్కుంటూ పోగా పోగా అసలు ఏ అంకే లేని ఒక మహా ఆటగాడు తగిలాడు. ఆయన పేరు సుల్తాన్ ఖాన్. ఆయన పోయి అరవై ఏళ్ళు కావస్తోంది. ఆయన కథ మన సావనీరు చదివే మిత్రులకి చెప్పాలనిపించి యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ అంకె కథ ముగించుకుందాం. సైన్సు విద్యార్థులం కదా, లెక్క చూడకుండా ముందుకి పోలేం! దాన్ని తయారుచేసినాయన ఆర్పాడ్ ఎలో. హంగరీలో పుట్టి, అమెరికాలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకున్న ప్రొఫెసరు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయన పద్ధతిని 1970లో తీసుకుంది. దాని సారాంశం చాలా తేలిక. ఇద్దరి అంకెల మధ్య తేడా 100 అయితే, నూరాటల్లో పెద్ద అంకెవాడికి దాదాపు 64 పాయింట్లు, చిన్నవాడికి 36 రావాలి. తేడా 200 అయితే 76, 24. తేడా 400 అయినా కూడా చిన్నవాడికి పదకొండింటిలో ఒక పాయింటు రావాల్సిందే. అంటే చిన్నవాడు గెలవడం ఆ లెక్కకి విరుద్ధం కాదు, ఆ లెక్కలోనే వుంది! మావాడు తీర్పు చెప్పినట్టు అది దొంగలెక్కేమీ కాదు. నిన్నటిదాకా ఆడినవాటికి సరాసరి, అంతే. రేపటి ఆటకి అది జాతకం కాదు.

అయితే ఆ లెక్కకి ఒక పరిమితి వుంది. లెక్క రాసేవాళ్ళున్న చోట ఆడితేనే మనిషికి అంకె వస్తుంది. ఎవరూ రాసుకోని చోట ఎంత ఆడినా సున్నాయే. ఇది నాకు వెంటనే బోధపడింది. ఎందుకంటే మాది బాపట్ల దగ్గర పల్లె, కౌలు వ్యవసాయం. సొంత చెక్క ఒక ఎకరం, నాన్న ఏటా ఇంకో నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. దుక్కి దున్నేది మేము, నాట్లేయించేది మేము, కాలవకి నీళ్ళు రాకపోతే రాత్రిళ్ళు గట్టున కాపలా కాసేదీ మేమే. కానీ అడంగల్లో పేరు మాత్రం భూమిగలాయనది. తుఫానుకి చేను పడిపోయిన ఏడు నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళకి చేలో నాన్న కనపడ్డాడు గానీ కాగితంలో కనపడలేదు. సుల్తాన్ ఖాన్ జీవితం చదువుతున్నంతసేపూ నాకు ఆ అడంగలే గుర్తొచ్చింది. ఎందుకో మీకే తెలుస్తుంది, చదవండి.

పశ్చిమ పంజాబులో ఖుషాబు ప్రాంతాన మీఠా తివానా అనే పల్లె వుంది. ఇప్పుడది పాకిస్తాన్‌లోకి పోయింది. సుల్తాన్ ఖాన్ అక్కడ పుట్టాడు. 1903లో అని కొందరు, 1905లో అని కొందరు రాశారు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి దగ్గర చదరంగం నేర్చుకున్నాడు. ఆ చదరంగం యిప్పుడు మనం టోర్నమెంట్లలో ఆడేది కాదు, దేశవాళీ చదరంగం. మా తాతయ్య రామాలయం అరుగుమీద ఆడేవాడు చూడండి, ఇంచుమించు ఆ ఫక్కీ. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడవాలి, రెండు గళ్ళు దూకడానికి వీల్లేదు. రాజుకి కోట కట్టుకునే సదుపాయం లేదు, దానికి బదులు ఆటలో ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. బంటు అవతలి చివరికి చేరితే కోరుకున్న బలం కాదు, ఆ వరస ఏ బలానిదో ఆ బలమే అవుతుంది. నేను చిన్నప్పుడు పుస్తకం తెచ్చి తాతయ్యతో రూల్సు మీద పోట్లాడేవాణ్ణి. ఆయన నవ్వి వూరుకుని, తన రూల్సుతోనే నన్ను ఓడించేవాడు.

ఈ తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆటగాడి బుర్రనే మార్చేస్తుంది. దేశవాళీ ఆట నెమ్మదిగా కదులుతుంది. బలాలు ఒకదానికొకటి ఎదురుపడటానికే చాలాసేపు పడుతుంది. అంచేత దాంట్లో పెరిగినవాడికి ఓపిక, స్థలం చూసుకుని బలాల్ని నిలబెట్టడం, ఆఖరి ఘట్టంలో నాలుగు కాయలతో మెలికలు తిప్పడం బాగా వంటబడతాయి. కానీ యూరపులో అప్పటికే మొదటి పది పదిహేను ఎత్తుల మీద గ్రంథాలకి గ్రంథాలు తయారయ్యాయి. ఏ ఎత్తుకి ఏ ఎత్తు వెయ్యాలో వాళ్ళు బట్టీపట్టి వస్తారు. మన పంజాబు కుర్రవాడికి వాటి గాలి కూడా సోకలేదు.

ఇరవై ఏళ్ళు దాటేసరికి ఆయన పంజాబులో పేరున్న ఆటగాడయ్యాడు. అప్పుడు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా కంటపడ్డాడు. ఆయన పెద్ద భూస్వామి, సైన్యంలో హోదా వున్నవాడు, తెల్లదొరలకి కావలసినవాడు, చదరంగమంటే ప్రాణమిచ్చేవాడు. సుల్తాన్‌ని తన దగ్గర పెట్టుకుని, పోషించి, యూరపు రూల్సు నేర్పించాడు. 1928లో అఖిలభారత పోటీ జరిగితే సుల్తాన్ తొమ్మిదాటల్లో ఎనిమిది గెలిచి, ఒకటి సమానం చేసుకుని, ఓటమి లేకుండా ఛాంపియనయ్యాడు. మరుసటి ఏడు వసంతకాలంలో సర్ ఉమర్ లండను వెళ్తూ ఆయన్ని కూడా ఓడెక్కించాడు.

లండనులో దిగీ దిగగానే జయభేరి మోగించాడనుకుంటారేమో, అదేంలేదు. తెలిసినవాళ్ళు మొదట ఒక చిన్న పోటీ ఏర్పాటుచేస్తే దాంట్లో అట్టడుగున తేలాడు. మొదటి పది ఎత్తుల్లోనే చిక్కుల్లో పడటం, తరువాత వాటిలోంచి బయటపడటానికే శక్తంతా ధారపోయడం. అప్పుడు విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇంగ్లీషు ఆటగాళ్ళు ఆయనకి ఆరంభపు ఎత్తులు కొంత నేర్పారు. ఎంత నేర్పారు? కొన్ని వారాలు, అంతే! ఆ కొద్దిపాటి చదువుతో 1929 వేసవిలో రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్పుకి కూర్చున్నాడు. గెలిచాడు! దేశదేశాలు ఏలుతున్న జాతికి, వాళ్ళ గడ్డమీదే, ఏలుబడిలో వున్న దేశపు పల్లెటూరివాడు ఛాంపియనైపోయాడు. చౌరీచౌరా జరిగి ఏడేళ్ళు, ఉప్పు సత్యాగ్రహానికి ఇంకా కొన్ని నెలలు. మన చీరాల పేరాల పోరాటం తెలిసినవాళ్ళకి అప్పటి గాలి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. సుల్తాన్ జెండా పట్టలేదు, జైలుకి పోలేదు. చదరంగపు బల్లకి ఎదురుగా కూర్చున్నాడు, అంతే.

ఆ ఏడు ఇండియాకి తిరిగొచ్చి, 1930లో మళ్ళీ సర్ ఉమర్ వెంట ఇంగ్లండు వెళ్ళాడు. ఈసారి మూడేళ్ళపైన వున్నాడు. హాంబర్గులో జరిగిన ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకి ఆడాడు. లీజ్ పట్నంలో తార్తకోవర్ తర్వాత రెండోస్థానంలో నిలిచాడు. ఆ తరువాత ఆ ఏడు క్రిస్మస్ పండగలకి హేస్టింగ్స్‌లో జరిగిన పోటీ ఆయన్ని చరిత్రలోకి ఎక్కించింది.

హేస్టింగ్స్‌లో ఆయనకి ఎదురైనవాడు ఎవరనుకున్నారు? క్యూబా దేశపు కపాబ్లాంకా! 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్. అంతకుముందు 1916 నుంచి 1924 దాకా ఎనిమిదేళ్ళపాటు ఒక్క ఆట ఓడని మనిషి. చదరంగపు యంత్రమని అందరూ పిలుచుకున్న మనిషి. అప్పట్లో రేటింగ్ అంకెలు లేవుగానీ, వుంటే ఆ బల్లకి ఒకవైపు కొండ, రెండోవైపు ఖాళీ కాగితం. సుల్తాన్‌కి తెల్లకాయలు వచ్చాయి.

ఆ ఆట ఎత్తులన్నీ యీనాటికీ దొరుకుతాయి. నేను మా గదిలో బల్ల వేసుకుని ఒక్కొక్క ఎత్తే జరుపుకుంటూ నాలుగుసార్లు చూశాను. మొదటి ఇరవై ఎత్తుల దాకా ఎవరిది పైచేయో తెలియదు. అప్పుడు కపాబ్లాంకా తన రెండు ఏనుగుల్నీ ఒకదానివెంట ఒకటి సుల్తాన్ కోటలోకి దించి రాజుని బెదిరించాడు. సుల్తాన్ కంగారుపడలేదు. తన మంత్రిని ఇచ్చేసి ఆ రెండు ఏనుగుల్నీ పుచ్చుకున్నాడు. మంత్రి విలువ తొమ్మిది, రెండేనుగుల విలువ పది అని పుస్తకాల్లో వుంటుంది. కానీ మంత్రి చేతిలో వున్నవాడికి బల్లంతా తిరిగే వీలుంది, ఎక్కడ ఏ బలం కాపలా లేకుండా వుంటే దాన్ని కాజేయొచ్చు. సుల్తాన్ ఆ వీలు లేకుండా చేశాడు. బంటుల్ని కంచెలాగా నిలబెట్టి, తన రాజుని నెమ్మదిగా నడిపించి దూరంగా భద్రమైన చోట దాచాడు. కపాబ్లాంకా మంత్రి బల్లకి ఒక పక్కన రెండు గళ్ళ మధ్య అటూ ఇటూ, అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. పంజరంలో పులిలాగా! ఆ పులి తిరుగుతూంటే సుల్తాన్ తొందరపడకుండా తన ఏనుగుల్ని అవతలి పక్కకి చేర్చుకున్నాడు. ఆఖరికి ఒక మామూలు బంటు వెనకాల ఏనుగు, శకటు కాపు కాస్తూండగా ఆరో వరసకి చేరింది. ఇక దాన్ని ఆపేవాళ్ళు లేరు. 65వ ఎత్తు దగ్గర కపాబ్లాంకా ఓటమి ఒప్పుకున్నాడు.

మిత్రులారా, ఇది మెరుపు దెబ్బ కాదు. అదృష్టం అంతకన్నా కాదు. ఒక్క ఎత్తులో ఎదుటివాడు పొరబడితే గెలవడం వేరు. నలభై ఎత్తులపాటు ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి వూపిరాడకుండా చేసి గెలవడం వేరు. ఆ పోటీ ముగిసేసరికి హాలెండు ఆటగాడు యూవే మొదటివాడు, కపాబ్లాంకా రెండోవాడు, సుల్తాన్ మూడోవాడు. యూవే 1935లో ప్రపంచ ఛాంపియనయ్యాడు. సుల్తాన్ ఎవరి పక్కన కూర్చుని లెక్కకొచ్చాడో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అంతటితో ఆగలేదు. 1931లో తార్తకోవర్‌తో పన్నెండాటల పందెం ఆడి ఆరున్నర, అయిదున్నర పాయింట్లతో గెలిచాడు. అదే ఏడు ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకి మొదటి బల్ల మీద కూర్చున్నాడు. మొదటి బల్ల అంటే ప్రతి దేశపు మేటి ఆటగాడూ అక్కడే ఎదురవుతాడు. ఎనిమిది గెలిచాడు, ఏడు సమానం, ఓడినవి రెండే. ఓడినవాళ్ళలో ఫ్లోర్, రూబిన్‌స్టీన్ లాంటి ఉద్దండులున్నారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెహిన్‌తో ఆట సమానం చేసుకున్నాడు. 1932లో లండన్లో మూడోస్థానం పంచుకున్నాడు, బెర్న్‌లో నాలుగోవాడు. అన్నీ విజయాలే అని నేను చెప్పను. అదే ఏడు ఫ్లోర్‌తో పందెం ఓడాడు. 1933 ఫోక్‌స్టన్ ఒలింపియాడ్‌లో ఎన్ని గెలిచాడో అన్నే ఓడాడు. కానీ బ్రిటిష్ ఛాంపియన్‌షిప్పు 1932లోనూ, 1933లోనూ మళ్ళీ గెలిచాడు. నాలుగుసార్లు కూర్చుని మూడుసార్లు గెలిచాడన్నమాట! ఇంకో విశేషం. సర్ ఉమర్ ఇంట్లోనే వుండే ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియనైంది. ఒకే ఇంటినుంచి, ఒకే ఏడు, ఇద్దరు.

ఇవన్నీ ఏ స్థితిలో గెలిచాడో కూడా తెలుసుకోవాలి. ఇంగ్లండు చలి ఆయనకి పడలేదు. మలేరియా వదిలేది కాదు. జలుబు, గొంతునొప్పి ఎప్పుడూ వుండేవి. మెడకి గుడ్డలు చుట్టుకుని వచ్చి బల్లముందు కూర్చునేవాడట. భాష అంతంతమాత్రం. ఎదుటివాళ్ళు పుస్తకాలు తిరగేసి వస్తూంటే ఈయన ఒంటరిగా తన బుర్రనే నమ్ముకున్నాడు. మన దగ్గర పరీక్షల రోజుల్లో ఒళ్ళు వెచ్చబడితేనే సగం సబ్జెక్టులు వదిలేస్తాం కదా!

ఇంతకీ ఆయన ఎవరు? ఆటగాడా, అతిథా, నౌకరా? ఇక్కడే కథ ముడిపడింది. 1933లో అమెరికా జట్టుని సర్ ఉమర్ తన ఇంటికి విందుకి పిలిచాడట. అక్కడ తమకి వడ్డించినవాడు సుల్తాన్ ఖానేననీ, తమకి సిగ్గేసిందనీ ఆ జట్టులోని రూబెన్ ఫైన్ తరువాతి రోజుల్లో రాసుకున్నాడు. అక్కణ్ణించి పడమటి దేశాల పుస్తకాలన్నీ ఆయన్ని చదువురాని సేవకుడనే రాస్తూ వచ్చాయి. 2020లో డేనియల్ కింగ్ అనే ఇంగ్లీషు గ్రాండ్‌మాస్టరు రాసిన జీవితకథ పేరులోనే సేవకుడన్న మాట వుంది. దాన్ని పాకిస్తాన్‌లోని ఆయన కుటుంబంవాళ్ళు ఒప్పుకోలేదు. తమది భూములున్న, గౌరవమున్న, చదువున్న ఇల్లనీ, ఆయనకి చదవడం రాయడం వచ్చనీ, ఆయన ఎవరికీ నౌకరు కాడనీ వాళ్ళు చెప్పారు.

మొదట చదివినప్పుడు నాకు సేవకుడి కథే నచ్చింది, దాచుకోవడమెందుకు? బీదవాడు రాజుని ఓడించాడంటే మనకి కళ్ళు చెమరుస్తాయి. కుటుంబంవాళ్ళ మాట విన్నాక సిగ్గేసింది. ఒక మనిషికి చదువు లేదని రాసేముందు ఆయన ఇంటివాళ్ళని ఒక్కసారైనా అడగాలి కదా. ఇన్నేళ్ళు ఎవరూ అడగలేదు. అంకె లేనివాడికి సున్నా వేసినట్టే, తమకి తెలియని భాషలో చదువుకున్నవాడికి చదువు రాదని రాసేశారు. జాలి కూడా ఒక రకం తక్కువ అంకె వెయ్యడమే! అయితే ఒక సంగతి మాత్రం ఎటు చూసినా మారదు. ఎప్పుడు ఓడెక్కాలో, ఎప్పుడు దిగాలో తేల్చింది ఆయన కాదు.

1933 డిసెంబరులో సర్ ఉమర్ ఇండియాకి బయల్దేరాడు. సుల్తాన్ కూడా వచ్చేశాడు. అప్పటికి ఆయన ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకడని తరువాతి పరిశీలకులు లెక్కగట్టారు. వయసు ముప్పై. ఆటగాడికి పంట చేతికొచ్చే వయసు. ఆ చలి దేశం వదిలినందుకు ఆయనకి చెర వీడినంత హాయిగా అనిపించిందని ఫాతిమా తరువాతి కాలంలో గుర్తుచేసుకుంది. 1935లో ఖాడిల్కర్ అనే మరాఠీ ఆటగాడితో పదాటల పందెం జరిగితే తొమ్మిది గెలిచి ఒకటి సమానం చేసుకున్నాడు. అంతే. ఆపైన పెద్ద పోటీల బల్లమీద ఆయన చెయ్యి పడలేదు. 1944లో సర్ ఉమర్ పోయాడు. 1947లో దేశం రెండైంది. సుల్తాన్ సర్గోధా ప్రాంతంలో తన పొలం చూసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ వుండిపోయాడు. పిల్లలకి చదరంగం గట్టిగా నేర్పలేదు, జీవితంలో అంతకన్నా పనికొచ్చేదేదైనా చెయ్యమన్నాడని చెబుతారు. 1966 ఏప్రిల్ 25న క్షయవ్యాధితో కన్నుమూశాడు.

ఆ మధ్యలో, 1950లో, ప్రపంచ చదరంగ సమాఖ్య మొట్టమొదటి గ్రాండ్‌మాస్టర్ల జాబితా తయారుచేసింది. 27 మంది పేర్లు. ఆయన పందెంలో గెలిచిన తార్తకోవర్ వున్నాడు, ప్రాగ్‌లో ఓడించిన రూబిన్‌స్టీన్ వున్నాడు, ఫ్లోర్ వున్నాడు. సుల్తాన్ ఖాన్ లేడు. అప్పటికి ఆయన బతికే వున్నాడు, సర్గోధాలో గోధుమ చేల మధ్య. నాలుగేళ్ళు పంట పండించి చూపించినవాడి పేరు అడంగల్లో లేదు! చివరికి 2024 ఫిబ్రవరిలో అదే సమాఖ్య ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది. పోయిన 58 ఏళ్ళకి. పాకిస్తాన్‌కి ఆయనే మొదటి గ్రాండ్‌మాస్టరయ్యాడు. ఎలో ప్రొఫెసరు అంకెల పద్ధతి ప్రపంచమంతా అమల్లోకి వచ్చేసరికి సుల్తాన్ పోయి నాలుగేళ్ళయింది. అంచేత బతికుండగా ఆయనకి అంకే లేదు, బిరుదూ లేదు. వున్నవి ఆటలు మాత్రమే. అవి ఎవరి సంతకమూ అక్కర్లేకుండా నిలబడ్డాయి.

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కిందటేడు కాలేజీల మధ్య జరిగిన రాపిడ్ పోటీకి నేనూ వెళ్ళాను. నాకు రేటింగు లేదు. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి వుంది. కాగితం మీద అతని పేరు పక్కన నాలుగంకెలు, నా పేరు పక్కన సున్నా. పదిహేను నిమిషాల్లో మొదటి అయిదు నిమిషాలు నేను బల్లని చూడలేదు, ఆ నాలుగంకెల్నే చూశాను. అతను వేసిన ప్రతి ఎత్తులోనూ ఏదో మహా వ్యూహం వుందనుకుని వెనక్కి వెనక్కి జరిగాను. ఓడిపోయాను. ఇంటికొచ్చి ఆ ఆట మళ్ళీ వేసి చూసుకుంటే, పన్నెండో ఎత్తులో అతను శకటుని వుత్తపుణ్యానికి వదిలేశాడు! నేను తీసుకోలేదు. అంత పెద్ద అంకెవాడు వూరికే వదులుతాడా అని భయపడి తీసుకోలేదు. నన్ను ఓడించింది అతను కాదు, ఆ కాగితం.

కపాబ్లాంకా ఎదుట కూర్చున్నప్పుడు సుల్తాన్ ఖాన్ కాగితం చూడలేదు, బల్ల చూశాడు. బటూమిలో దివ్య కూడా అంతే చేసి వుండాలి. ఓడిన హంపి కూడా ఒకప్పుడు గుడివాడ నుంచి వెళ్ళి తనకన్నా పెద్దవాళ్ళని అలాగే ఓడించిన పిల్లే కదా. గుంటూరు సీమ నుంచి హరికృష్ణ, హారిక, ఓరుగల్లు నుంచి అర్జున్ ఎరిగైసి, అందరూ ఏదో ఒకనాడు బల్లకి చిన్నంకె వైపున కూర్చున్నవాళ్ళే. వాళ్ళకీ సుల్తాన్‌కీ తేడా ఒక్కటే. గెలిచాక మళ్ళీ బల్లముందు కూర్చునే వీలు వాళ్ళకి వుంది. కపాబ్లాంకాని ఓడించడం సుల్తాన్ చేతిలో పని, ఓడించాడు. మళ్ళీ ఆడే చోటు సంపాదించుకోవడం ఆయన చేతిలో లేకపోయింది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు యీ కథంతా నాన్నకి చెప్పాను. కుప్ప నూర్చిన కళ్ళంలో మంచం వేసుకుని విన్నాడు. చదరంగం సంగతి ఆయనకి అంతగా పట్టలేదు. ఆ ఇంగ్లండు నుంచి తిరిగొచ్చాక పొలం చేసుకున్నాడు కదా, ఆ పొలం ఎవరి పేరన వుందని మాత్రం అడిగాడు. సొంతదేనని చెప్పాను. అయితే ఫరవాలేదన్నాడు.

నేను ఈ ఏడు రేటింగ్ పోటీకి పేరిచ్చాను. కాగితం మీద నా పేరు పక్కన సున్నాయే వుంటుంది. ఈసారి శకటు వూరికే దొరికితే మాత్రం తీసుకుంటాను.